హైదరాబాద్ నుంచి అటవీశాస్త్రం చదవాలంటే: మొదటి నోటు పుస్తకం నుంచి చివరి ప్రాజెక్టు దాకా

ఇంటర్మీడియట్‌లో బైపీసీ తీసుకున్న పిల్లలకు హైదరాబాద్‌లో ఇంటా బయటా వినిపించే మాటలు రెండే: ఎంబీబీఎస్, అది రాకపోతే అగ్రికల్చర్. అటవీశాస్త్రం అనే చదువు ఒకటుందని, దానికి నాలుగేళ్ల డిగ్రీ, ఆపైన పీజీ, పీహెచ్‌డీ కూడా ఉన్నాయని చాలా ఇళ్లలో కౌన్సెలింగ్ చివరి రోజుల్లో గానీ తెలియదు. అలా ఆఖరి నిమిషంలో చేరిన పిల్లల్లో కొందరు మొదటి సంవత్సరమంతా ఎందుకు వచ్చామా అని మథనపడటం నేను దగ్గరగా చూశాను. అందుకే ఈ చదువును తెలిసి ఎంచుకోవాలనుకునే వారి కోసం, చేరడానికి ముందు చేయవలసిన పనుల నుంచి చివరి సెమిస్టర్ ప్రాజెక్టు వరకు, నేను సరైనదని నమ్మే వరుసలో రాస్తున్నాను. ఈ చదువులో తరగతి గదికి ఎంత చోటు ఉందో కాలినడకకు, నోటు పుస్తకానికి అంతకంటే ఎక్కువ చోటు ఉంది. కింద చెప్పినవన్నీ ఆ లెక్కతోనే చెప్పాను.

దరఖాస్తు కంటే ముందు అడవి

మొదటి పని దరఖాస్తు పెట్టడం కాదు, అడవిలోకి వెళ్లి రావడం. ఒకే చోటికి మూడు వేర్వేరు కాలాల్లో, అంటే ఒకసారి ఆగస్టులో వానలు పడుతున్నప్పుడు, ఒకసారి డిసెంబరులో, ఒకసారి ఏప్రిల్ ఎండలో వెళ్లండి. నర్సాపూర్ అడవి గానీ, వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండలు గానీ, నగరం దాటలేకపోతే చిలుకూరు దగ్గరి మృగవని, వనస్థలిపురంలోని మహావీర్ హరిణ వనస్థలి గానీ సరిపోతాయి. ఆగస్టులో పచ్చగా దట్టంగా కనిపించిన చోటే ఏప్రిల్‌లో ఆకు రాల్చి, బూడిదరంగు కొమ్మలతో, నేలంతా ఎండుటాకుల చప్పుడుతో ఉంటుంది. తెలంగాణ అడవుల్లో ఎక్కువ భాగం ఇలా ఆకు రాల్చేవే. ఆ ఏప్రిల్ నాటి అడవిలో రెండు గంటలు నడిచిన తరువాత కూడా మళ్లీ రావాలనిపిస్తే ఈ చదువు మీకు పనికొస్తుంది. పచ్చని ఫొటోలు చూసి ఆశపడి చేరిన వారికి ఆ ఎండే మొదటి ఎదురుదెబ్బ అవుతుంది.

వెళ్లేటప్పుడు గట్టి అట్ట ఉన్న చిన్న నోటు పుస్తకం, పెన్సిలు తీసుకెళ్లండి. పెన్ను సిరా వానకు, చెమటకు కారిపోతుంది, పెన్సిలు గీత నిలుస్తుంది. తేదీ, సమయం, చోటు, ఎండ వాన వివరం, చూసిన చెట్లు, విన్న పక్షులు అన్నీ అక్కడే నిలబడి రాయండి. ఇంటికి వచ్చాక రాసుకుందాంలే అనుకున్నది సగానికి సగం జారిపోతుంది. జాతీయ ఉద్యానవనాల్లో ఆకు తెంపడం, కొమ్మ విరవడం చట్టరీత్యా తప్పు కాబట్టి అక్కడ కళ్లతో చూసి బొమ్మ గీసుకోండి. సేకరణ అవసరమైతే మీ కాలనీలోని చెట్ల దగ్గరో, ఊళ్లో సొంత పొలం గట్ల మీదో చేసుకోండి.

ప్రవేశం

హైదరాబాద్ విద్యార్థికి అన్నిటికంటే దగ్గరి కళాశాల ములుగులోని అటవీ కళాశాల, పరిశోధనా సంస్థ. ములుగు అనగానే సమ్మక్క సారలమ్మ జాతర జరిగే జిల్లా గుర్తుకు వచ్చి చాలామంది పొరబడతారు. ఇది ఆ ములుగు కాదు, శామీర్‌పేట మీదుగా కరీంనగర్ వైపు పోయే రాజీవ్ రహదారి మీద సిద్దిపేట జిల్లాలో ఉన్న ములుగు. తమిళనాడులోని మెట్టుపాళయం అటవీ కళాశాలను ఆదర్శంగా తీసుకుని 2016లో దూలపల్లిలో మొదలైన ఈ సంస్థ 2019లో ములుగులోని సొంత ప్రాంగణానికి మారింది. బీఎస్సీ ఆనర్స్ ఫారెస్ట్రీ ఇక్కడ నాలుగేళ్ల కోర్సు. బైపీసీ వారు రాసే ఎప్‌సెట్ ర్యాంకు ఆధారంగా సీట్లు ఇస్తారు. అయితే కళాశాల తన నోటిఫికేషన్ తానే వేరుగా ఇస్తుంది కాబట్టి ఇంజినీరింగ్, ఫార్మసీ కౌన్సెలింగ్ తేదీలు చూసుకుంటూ కూర్చుంటే దీని గడువు దాటిపోతుంది. ఫలితాలు వచ్చిన రోజు నుంచి కళాశాల వెబ్‌సైటును మీరే చూస్తూ ఉండండి. కులం, ఆదాయం ధ్రువపత్రాలను పరీక్ష అయిన వెంటనే మీసేవలో తీసుకుని, బోనఫైడ్‌లు, మార్కుల మెమోలతో కలిపి ఒక ఫైలులో పెట్టుకోండి.

రాష్ట్రం దాటి వెళ్లగలిగిన వారికి ఇంకా దారులున్నాయి. భారత వ్యవసాయ పరిశోధనా మండలి కింద వచ్చే విశ్వవిద్యాలయాల్లో జాతీయ కోటా ఫారెస్ట్రీ సీట్లు ఇప్పుడు సీయూఈటీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష ద్వారా భర్తీ అవుతాయి. కేరళలో వెల్లనిక్కర, కర్ణాటకలో శిర్సి, పొన్నంపేట, హిమాచల్‌లో నౌని పేరున్న చోట్లు. ఒక్క విషయం గుర్తుంచుకోండి. పడమటి కనుమల్లో చదివిన వారికి సతతహరిత అడవి బాగా తెలుస్తుంది, మన పొడి అడవి తక్కువగా తెలుస్తుంది. ఎక్కడ పనిచేయాలనుకుంటున్నారో ఆ నేల మీద చదవడం మేలని నా అభిప్రాయం.

డిగ్రీలో వృక్షశాస్త్రమో, జంతుశాస్త్రమో, రసాయనశాస్త్రమో చదివినవారు కూడా ఈ రంగంలోకి పీజీ దగ్గర రావచ్చు. 1906లో మొదలై 1991లో డీమ్డ్ విశ్వవిద్యాలయమైన డెహ్రాడూన్‌లోని అటవీ పరిశోధనా సంస్థలో ఎమ్మెస్సీ ఫారెస్ట్రీతో పాటు కలప శాస్త్రం, పర్యావరణ నిర్వహణ వంటి కోర్సులున్నాయి. నిర్వహణ వైపు మనసున్నవారికి 1982లో ఏర్పడిన భోపాల్ భారతీయ అటవీ నిర్వహణ సంస్థ ఉంది. అక్కడికి క్యాట్ వంటి మేనేజ్‌మెంట్ ప్రవేశ పరీక్ష స్కోరు కావాలి.

చెట్టు పేరు: ముందు తెలుగులో, తరువాత లాటిన్‌లో

చేరిన మొదటి సెమిస్టర్‌లోనే వందకు పైగా లాటిన్ పేర్లు మీద పడతాయి. చాలామంది వాటిని పద్యంలా వల్లెవేస్తారు, పరీక్ష అయిన వారానికే మరిచిపోతారు. దీనికి నేను చెప్పే పద్ధతి ఇది: చెట్టును ముందు తెలుగు పేరుతో, దాని ఒంటి గుర్తుతో పట్టుకోండి, ఆ తరువాతే శాస్త్రీయ నామం అంటించండి. నేను విద్యార్థిగా ఉన్నప్పుడు జన్నారం దగ్గరి ఒక గూడెంలో ఒక పెద్దాయన మా వెంట రెండు రోజులు నడిచాడు. మేము ప్రతి చెట్టు దగ్గరా ఆకు కోసం తల పైకెత్తుతుంటే చూసి, "బిడ్డా, ఆకు చూడకుర్రి, బెరడు చూడుర్రి. ఎండకాలం ఆకు యాడుంటది?" అన్నాడు. ఆ ఒక్క మాట వృక్ష వర్గీకరణ పాఠం మొత్తానికి తాళంచెవిలా పనికొచ్చింది.

ఆ రోజు ఆయన చూపించిన గుర్తులు ఇప్పటికీ నా పుస్తకంలో ఉన్నాయి. నల్లమద్ది బెరడు మొసలి వీపులా పలకలు పలకలుగా చీలి ఉంటుంది. దాని లాటిన్ పేరు టెర్మినేలియా ఎలిప్టికా. చిరుమాను కాండం తెల్లగా, నునుపుగా ఉండి దూరం నుంచే మెరుస్తుంది. తునికి బెరడు నల్లగా, కాలిన బొగ్గులా గడులు కట్టి ఉంటుంది. ఏగిశ బెరడుకు గాటు పడితే నెత్తురులాంటి ఎర్రని జిగురు కారుతుంది, పాత గాయాల మీద అది నల్లగా గడ్డకట్టి కనిపిస్తుంది. నారవేప ఆకు రెండు రేకులుగా చీలి రెక్కలు విప్పిన సీతాకోకచిలుకలా ఉంటుంది. టేకు లేత ఆకును రెండు అరచేతుల మధ్య నలిపితే చేతులు ఎర్రబడతాయి. ఆ పెద్దాయన అలా నలిపి నా చేతిలో పెట్టిన ఆకు మరక మరునాటి దాకా పోలేదు. టెక్టోనా గ్రాండిస్ అనే పేరు ఆ మరకతో పాటే నాకు నిలిచిపోయింది.

కాబట్టి వారానికి పది చెట్ల చొప్పున పెట్టుకోండి. ఒక్కో చెట్టుకు ఒక పేజీ కేటాయించి, తెలుగు పేరు, ఆ ఊరిలో పిలిచే మరో పేరు ఉంటే అది, శాస్త్రీయ నామం, కుటుంబం, బెరడు, ఆకు, పువ్వు కాలం, కాయ కాలం, మనుషులు దేనికి వాడతారు అన్నవి రాయండి. ఈ చివరి గడిని ఖాళీగా వదలకండి. నిర్మల్ బొమ్మలు పొణికి కర్రతో చేస్తారని, సారపప్పు మొర్రి చెట్టుదని, ఇప్పపువ్వు తెల్లవారుజామున రాలుతుందని తెలిసినప్పుడే ఆ చెట్టు అడవిలో ఎందుకు మిగిలిందో, ఎందుకు తగ్గిపోయిందో అర్థమవుతుంది. గోండు, కోయ, చెంచు కుటుంబాలున్న చోట వారి భాషలోని పేరు కూడా అడిగి రాసుకోండి.

టేపు పట్టి కొలవడం

అటవీశాస్త్రం వృక్షశాస్త్రం నుంచి విడిపోయేది ఇక్కడే. అడవిని గురించి ఏ మాట చెప్పినా దాని వెనుక ఒక కొలత ఉండాలి. మొదటి కొలత చెట్టు చుట్టుకొలత. మన దేశంలో దీన్ని నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తులో, ఛాతీ ఎత్తు అనే చోట తీస్తారు. మీ ఒంటి మీద ఆ ఎత్తు ఎక్కడికి వస్తుందో గోడ దగ్గర నిలబడి ఒక్కసారి గుర్తు పెట్టుకోండి, లేదా అంతే పొడవు కర్ర ఒకటి కోసుకోండి. వాలు నేల మీద ఉన్న చెట్టును ఎగువ వైపు నిలబడి కొలవాలి. 1.37 మీటర్ల కంటే కిందే రెండుగా చీలిన చెట్టును రెండు చెట్లుగా లెక్కపెట్టాలి, ఆ పైన చీలితే ఒకటిగానే లెక్క. ఆ ఎత్తులో బుడిపె ఉంటే దానికి కొంచెం పైనో కిందో నునుపైన చోట కొలిచి ఆ విషయం రాయాలి. టేపు కాండానికి అడ్డంగా, సమంగా ఉండాలి. వెనుక వైపు టేపు నాలుగు వేళ్లంత జారితే చుట్టుకొలత పెరిగిపోతుంది. అందుకే కొలిచేవారు ఒకరు, చెట్టు చుట్టూ తిరిగి టేపు చూసేవారు ఒకరు ఉండాలి.

లెక్క ఇలా సాగుతుంది. ఒక టేకు చుట్టుకొలత 94.2 సెంటీమీటర్లు వచ్చిందనుకోండి. దాన్ని 3.14తో భాగిస్తే వ్యాసం 30 సెంటీమీటర్లు. ఆ ఎత్తులో కాండాన్ని అడ్డంగా కోస్తే వచ్చే వైశాల్యం 0.0707 చదరపు మీటర్లు. ఒక హెక్టారులోని చెట్లన్నిటి ఈ వైశాల్యాన్ని కూడితే ఆ అడవి ఎంత నిండుగా ఉందో ఒక్క అంకెలో తెలుస్తుంది. కలప వ్యాపారంలో మరో పాత పద్ధతి ఉంది: చుట్టుకొలతలో నాలుగో వంతు తీసుకుని దాన్ని దానితోనే గుణించడం. అదే చెట్టుకు ఆ పద్ధతిలో 0.0555 చదరపు మీటర్లే వస్తుంది, అంటే అసలు వైశాల్యంలో దాదాపు 78.5 శాతం. పొలం గట్టు మీద టేకు పెంచి అమ్ముకునే రైతుకు ఈ తేడా తెలియాలి. దాన్ని ఆయనకు చెప్పగలిగిన రోజు మీ చదువు ఒకరికి పనికొచ్చినట్టు.

తరువాతి మెట్టు ప్లాటు వేయడం, అంటే అడవి మొత్తానికి నమూనాగా కొంత నేలను హద్దులు కట్టి కొలవడం. 31.62 మీటర్ల భుజం ఉన్న చతురస్రం తీసుకుంటే 0.1 హెక్టారు అవుతుంది. నాలుగు మూలలా కర్రలు పాతి తాడు కట్టాక, ఎదురెదురు మూలల మధ్య దూరం రెండు వైపులా 44.7 మీటర్లు రావాలి. అది రాకపోతే మీ చతురస్రం వంకర పోయిందని అర్థం, మళ్లీ కట్టండి. వాలు మీద ఈ దూరాలను నేల వెంబడి కాకుండా సమతలంగా కొలవాలి, లేకపోతే ప్లాటు కుదించుకుపోతుంది. లోపల 30 సెంటీమీటర్లకు పైబడిన చుట్టుకొలత ఉన్న ప్రతి చెట్టునూ సుద్దతో గుర్తు పెట్టుకుంటూ కొలవండి, అప్పుడే ఒకే చెట్టు రెండుసార్లు రాదు. పొదలకు 3 మీటర్లు, గడ్డికి, మొలకలకు 1 మీటరు భుజం ఉన్న చిన్న గడులు లోపలే వేసుకోండి. ప్లాటులో 28 చెట్లు వస్తే హెక్టారుకు 280 అని పదితో హెచ్చించడం తేలికే. కష్టమైనది ప్లాటును ఎక్కడ వేయాలన్నది. దారి పక్కన, నీడ ఉన్న చోట, భోజనం డబ్బా పెట్టుకోవడానికి వీలైన చోట వేయాలనిపిస్తుంది. ఆ కోరికకు లొంగితే మీ లెక్క దారి పక్క అడవి లెక్కే అవుతుంది. ప్లాట్ల స్థానాలను ముందే మ్యాపు మీద చీటీలు తీసినట్టు యాదృచ్ఛికంగా ఎంచుకుని, ముళ్లపొద వచ్చినా రాయి వచ్చినా అక్కడే వేయండి.

మొలకల గడిని నిర్లక్ష్యం చేయకండి. పెద్ద చెట్లు నిండుగా ఉండి, కింద మొలక ఒక్కటీ లేని అడవి పిల్లలు లేని ఊరి లాంటిది. నిప్పు, పశువుల మేత, విత్తనం అంతా ఏరుకుపోవడం, ఈ మూడింటిలో ఏది కారణమో ఆ చిన్న గడి దగ్గర కూర్చుని చూస్తే తెలుస్తుంది. కాలిన మొదళ్లు, మేసిన చిగుళ్లు, ఖాళీ నేల మూడూ వేర్వేరు కథలు చెబుతాయి.

అంకెను దాని నిర్వచనంతో కలిపి చదవడం

తరువాతి సంవత్సరాల్లో ఉపగ్రహ చిత్రాలు, జీఐఎస్, అంటే కంప్యూటర్ మీద మ్యాపులతో చేసే పని, వస్తాయి. జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం బాలానగర్‌లోనే ఉండటం హైదరాబాద్ విద్యార్థికి దొరికిన అదృష్టం. ఇస్రో నడిపే భువన్ పోర్టల్, ఉచితంగా దొరికే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్, పది మీటర్ల స్పష్టత ఉన్న సెంటినెల్ చిత్రాలు ఉంటే ఇంట్లో మామూలు ల్యాప్‌టాప్ మీదనే నేర్చుకోవచ్చు. మొదటి అభ్యాసంగా మీరు ప్లాటు వేసిన అడవినే ఆగస్టు, ఏప్రిల్ చిత్రాల్లో పక్కపక్కన పెట్టి చూడండి. నేల మీద చూసినదాన్ని పైనుంచి గుర్తుపట్టడం వచ్చాకే మిగతా పాఠాలు నిలుస్తాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త తప్పనిసరి. భారత అటవీ సర్వే సంస్థ రెండేళ్లకోసారి ఇచ్చే నివేదికలో అటవీ విస్తీర్ణం అంటే, ఒక హెక్టారు దాటి ఉండి చెట్ల నీడ పది శాతానికి పైగా ఉన్న ఏ నేలైనా అని అర్థం. భూమి ఎవరిదన్నది, చెట్టు ఏదన్నది చూడరు. మామిడి తోట కూడా అందులోకి వస్తుంది. అటవీ శాఖ రికార్డుల్లోని భూమి వేరే లెక్క, అందులో చెట్టే లేని నేల కూడా ఉండవచ్చు. 2021 నివేదిక ప్రకారం తెలంగాణ అటవీ విస్తీర్ణం 21,214 చదరపు కిలోమీటర్లు, రాష్ట్ర భూభాగంలో 18.93 శాతం. అదే నివేదిక హైదరాబాద్ నగరంలో ఇది 2011లోని 33.15 చదరపు కిలోమీటర్ల నుంచి 2021కి 81.81కి పెరిగిందని చెప్పింది. ఈ అంకెను పట్టుకుని ఒకరు పండగ చేసుకుంటారు, ఒకరు అబద్ధమంటారు. మీరు చేయవలసింది, నీడ శాతం పెరిగిందా, అది ఎలాంటి చెట్ల నీడ, నాటినదా మొలిచినదా, పాత పొదల అడవి పోయి కొత్త తోట వచ్చిందా అని ఒక్కో వార్డులో నడిచి చూడటం.

చట్టం, దాని నీడలో బతికే మనుషులు

అటవీ చట్టాల పాఠాన్ని పిల్లలు సంవత్సరాల జాబితాలా చదువుతారు. 1927 భారత అటవీ చట్టం, ఆంధ్రప్రదేశ్ నుంచి తెలంగాణ కొనసాగించుకున్న 1967 అటవీ చట్టం, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1980 అటవీ సంరక్షణ చట్టం, 2006 అటవీ హక్కుల చట్టం, ఇవి అయిదూ గట్టిగా వస్తే చాలు. కానీ వీటిని ఒక్క చోటు మీద పెట్టి చదవండి. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు, అడవి అనే మాటకు నిఘంటువు అర్థమే తీసుకోవాలని, అది ఎవరి పేరున ఉన్నా 1980 చట్టం వర్తిస్తుందని చెప్పింది. 2025 ఏప్రిల్‌లో కంచ గచ్చిబౌలి నాలుగు వందల ఎకరాల్లో చెట్ల నరికివేతను అదే కోర్టు ఆపించినప్పుడు, అది అడవా కాదా అన్న ప్రశ్నే నగరమంతా నలిగింది. ఆ తీర్పును, ఆ స్థలాన్ని, పైన చెప్పిన పది శాతం నిర్వచనాన్ని పక్కపక్కన పెట్టి ఒక సాయంత్రం కూర్చుని ఆలోచిస్తే చట్టం పాఠం నెల రోజులు చదివిన దానికంటే బాగా వస్తుంది.

అటవీ హక్కుల చట్టం చదివేటప్పుడు భూమి మీద హక్కుకు గడువుగా పెట్టిన 2005 డిసెంబరు 13 అనే తేదీని, గిరిజనేతరులకు మూడు తరాలు, అంటే 75 ఏళ్ల నివాసం చూపించాలనే నిబంధనను గుర్తుంచుకుని, పోడు సాగు ఉన్న ఒక గ్రామానికి వెళ్లి గ్రామసభ పుస్తకం చూపించమని అడగండి. వెళ్లేటప్పుడు ప్రశ్నాపత్రం చేతిలో పట్టుకుని సర్వేవాడిలా వెళ్లకండి. ముందు సర్పంచినో, ఊరి పెద్దనో కలిసి, ఏ కాలేజీ నుంచి, దేనికి వచ్చారో చెప్పండి. పెద్దవాళ్లను అక్కా, అన్నా, తాతా, అవ్వా అని పిలవండి. తునికాకు కోసే రోజులైతే పనికి అడ్డం రాకండి. ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారకముందే అడవికి వెళ్లి, ఎండ ముదిరేలోగా ఆకు తెచ్చి, యాభై ఆకుల కట్టలు కట్టి, సాయంత్రం కల్లానికి తీసుకెళ్తారు. అలాంటి వెయ్యి కట్టలు ఒక స్టాండర్డ్ బ్యాగు. మీరూ ఒక పూట కూర్చుని కట్టలు కట్టి చూడండి. యాభై ఆకులు ఒకే పరిమాణంలో ఏరి పేర్చడానికి మీకు ఎంతసేపు పట్టిందో, పక్కనున్న అవ్వకు ఎంతసేపు పట్టిందో రాసుకోండి. ఆకు ధర మీద మీరు రాసే నివేదికకు అదే మొదటి పేజీ.

ఒక బాధ కూడా చెప్పాలి. నేను చదివే రోజుల్లో క్షేత్ర శిక్షణ కోసం మమ్మల్ని ఒక కార్యాలయానికి పంపితే, అక్కడివారు పాత నివేదిక చేతిలో పెట్టి పేర్లు మార్చి రాసుకోమన్నారు. మాలో చాలామందిమి రాసుకున్నాం కూడా. ఆ మూడు వారాలు నాకు తిరిగి రాలేదు. మీకు అలాంటి మాట ఎదురైతే, కార్యాలయం పని కార్యాలయానికి వదిలి, బీట్ ఆఫీసర్ వెంట ఉదయం గస్తీకి వెళ్లనివ్వమని మర్యాదగా, రాతపూర్వకంగా అడగండి. అడవిని రోజూ చూసేది ఆ బీట్ ఆఫీసరే.

నీరు, మట్టి

సహజ వనరుల నిర్వహణ అంటే అడవి ఒక్కటే కాదు. దీనికి హైదరాబాద్ వారికి చేతిలో ఉన్న పాఠ్యపుస్తకం మూసీ. అనంతగిరి కొండల్లో పుట్టి, కింది ఊళ్ల పొలాల మీదుగా గండిపేటకు చేరే ఈ నీటి దారిని సెలవుల్లో ముక్కలు ముక్కలుగా నడవండి. 1908 సెప్టెంబరు వరద నగరాన్ని ముంచిన తరువాత 1920లో ఉస్మాన్ సాగర్, అంటే ఈ గండిపేట చెరువే, 1927లో హిమాయత్ సాగర్ వచ్చాయి. ఎగువన అడవి ఉన్న వాగులో వాన వెలిసిన మరునాడు నీరు ఏ రంగులో ఉంది, దున్నిన నేల నుంచి వచ్చే వాగులో ఏ రంగులో ఉంది అని రెండు గాజు సీసాల్లో పట్టి, ఒక రాత్రి కదలకుండా ఉంచి, అడుగున దిగిన మట్టి మందాన్ని స్కేలుతో కొలవండి. కందకాలు, చెక్‌డ్యాములు, చెరువు పూడిక వంటి పాఠాలన్నీ ఆ సీసాల దగ్గర మొదలవుతాయి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్, సంతోష్‌నగర్‌లోని క్రీడా, రాజేంద్రనగర్‌లోని వాలంతరి ఈ విషయాల మీద పనిచేసే సంస్థలు. వేసవి శిక్షణకు ముందుగానే ఉత్తరం రాసుకోండి. అడవి జీవవైవిధ్యం మీద ఆసక్తి ఉంటే దూలపల్లిలోని అటవీ జీవవైవిధ్య సంస్థ, వన్యప్రాణుల జన్యుశాస్త్రం మీద అయితే అత్తాపూర్‌లోని సీసీఎంబీ ప్రయోగశాల లాకోన్స్ ఉన్నాయి.

చివరి సంవత్సరం ప్రాజెక్టు

ప్రాజెక్టు విషయం ఎంచుకోవడంలో అందరూ చేసే పొరపాటు పెద్ద అడవి, పెద్ద జంతువు కోరుకోవడం. అమ్రాబాద్, కవ్వాల్ పులుల అభయారణ్యాల్లో పనిచేయడానికి అనుమతులు రావాలి, వసతి దొరకాలి, కెమెరాలు కావాలి. మూడు నెలల్లో పులి గురించి మీరు కొత్తగా చెప్పగలిగింది చాలా తక్కువ. దానికి బదులు చిన్న ప్రశ్న తీసుకోండి. నరికిన టేకు మోడు నుంచి వచ్చే పిలకల్లో ఎన్ని ఉంచితే కాండం నిటారుగా వస్తుంది, నర్సరీలో మొర్రి గింజ ఎందుకు సరిగా మొలవదు, రోడ్డు వెడల్పు కోసం వేరే చోటికి తరలించి నాటిన మర్రిచెట్లలో మూడేళ్ల తరువాత ఎన్ని బతికాయి, ఇలాంటివి. చివరిదానికి నగరం దాటనక్కర లేదు. చెట్లు తరలించిన చోట్లు నగరంలోనూ చుట్టుపక్కలా ఉన్నాయి, చెట్టు చెట్టుకూ వెళ్లి చూసి లెక్కపెట్టి రాసే ఓపిక కావాలి, అంతే.

ప్రశ్న కుదిరాక గైడుకు ఒక పేజీలో రాసి ఇవ్వండి: ఏమి తెలుసుకోవాలి, ఏమి కొలుస్తాను, ఎన్ని కొలుస్తాను, ఎప్పుడు ముగిస్తాను. అటవీ భూమిలో అడుగు పెట్టేదైతే అనుమతి దరఖాస్తు కనీసం రెండు నెలలు ముందు పెట్టండి. కొలతలను ఏ రోజువి ఆ రోజు రాత్రే కంప్యూటర్‌లోకి ఎక్కించి, నోటు పుస్తకం పేజీలకు ఫొటో తీసి ఇంకో చోట దాచండి. వాగు దాటుతుండగా నా సహపాఠి సంచి నీళ్లలో పడి పద్దెనిమిది ప్లాట్ల లెక్క పోయింది, మళ్లీ వెళ్లేసరికి చెట్లు ఆకు రాల్చేశాయి.

ఉద్యోగం వైపు

ఐఎఫ్‌ఎస్, అంటే ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్, ప్రిలిమ్స్ సివిల్ సర్వీసెస్‌తో కలిసే ఉంటుంది. మెయిన్స్‌లో ఇంగ్లిష్, జనరల్ నాలెడ్జ్‌లకు మూడేసి వందలు, రెండు ఆప్షనల్ సబ్జెక్టుల నాలుగు పేపర్లకు ఒక్కోదానికి రెండు వందలు, ఇంటర్వ్యూకు మూడు వందల మార్కులు. ఫారెస్ట్రీ ఒక ఆప్షనల్‌గా తీసుకోవచ్చు కానీ దానితో పాటు అగ్రికల్చర్ తీసుకోనివ్వరు. అందుకే జియాలజీనో, బోటనీనో రెండోదిగా మూడో సంవత్సరం నుంచే చదువుకుంటే మంచిది. రాష్ట్రంలో రేంజ్ ఆఫీసర్, సెక్షన్ ఆఫీసర్, బీట్ ఆఫీసర్ నియామకాలు టీజీపీఎస్సీ ద్వారా వస్తాయి. ప్రభుత్వ ఉద్యోగం ఒక్కటే లక్ష్యం కానక్కర లేదు. కాగితపు పరిశ్రమలకు రైతుల పొలాల్లో సుబాబుల్, నీలగిరి పెంచే విభాగాలున్నాయి, వాటర్‌షెడ్ పనులు చేసే సంస్థలున్నాయి, జీఐఎస్ కంపెనీలున్నాయి.

ఐఎఫ్‌ఎస్‌కు ఇంటర్వ్యూ దాకా వెళ్లినవారికి నడక పరీక్ష కూడా ఉంటుంది: పురుషులు నాలుగు గంటల్లో 25 కిలోమీటర్లు, స్త్రీలు నాలుగు గంటల్లో 14 కిలోమీటర్లు. పురుషుల లెక్కలో కిలోమీటరుకు దాదాపు తొమ్మిదిన్నర నిమిషాలు, అంటే మామూలు నడక సరిపోదు. దీనికి మూడు నెలల ముందు నుంచి వారానికి మూడు రోజులు తెల్లవారుజామున నడవండి. మొదటి నెల ఎనిమిది కిలోమీటర్లు, రెండో నెల పదిహేను, మూడో నెలలో రెండుసార్లు పూర్తి దూరం. కొత్త బూట్లతో పరీక్ష రోజున నడవకండి, కనీసం నెల వాడిన బూట్లే వేసుకోండి. నీళ్లలో చిటికెడు ఉప్పు, కొంచెం చక్కెర కలిపి అరగంటకోసారి రెండు గుక్కలు తాగండి. నడిచినంత దూరం, పట్టిన సమయం ఆ పాత నోటు పుస్తకంలోనే, చెట్ల పేజీల తరువాత రాసుకోండి.